అచ్చు నుంచి అంతర్జాలం దాకా: తెలుగు వర్ణక్రమంలో తప్పొప్పుల చరిత్ర

వ్యాససంగ్రహం

అంతర్జాలంలో తెలుగు రాసేవారి వర్ణక్రమ దోషాలను సాధారణంగా భాషాజ్ఞాన లోపంగానో, శ్రద్ధాలోపంగానో పరిగణిస్తున్నారు. ఈ దోషాలలో అధికభాగానికి అంతర్జాలం కంటే పూర్వపు చరిత్ర ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తాళపత్రం, అచ్చు, పత్రిక, కంప్యూటర్ అనే నాలుగు రచనాసాధనాల క్రమంలో ‘సాధురూపం’ అనే భావన ఎలా మారుతూ వచ్చిందో పరిశీలించి, నేటి దోషాలను చెవికి అందని భేదాలు, స్థిరపడని రూపాలు, పరికరం వల్ల ఏర్పడినవి, నిజమైన భాషాదోషాలు అని నాలుగు వర్గాలుగా విభజించి చూపుతుంది. అన్నింటినీ ఒకే ఎర్రసిరాతో దిద్దడం బోధనకూ పరిశోధనకూ నష్టమని ఈ పరిశీలన సారాంశం.

కీలకపదాలు: వర్ణక్రమం, సాధురూపం, బాలవ్యాకరణం, వ్యావహారికం, యూనికోడ్, లిప్యంతరీకరణ, మహాప్రాణాలు, మాండలికం.

1. ఉపోద్ఘాతం

డిగ్రీ విద్యార్థిని ఒకరు ఆధునిక కవిత్వంపై రాసిన అసైన్‌మెంటును సెల్‌ఫోన్‌లో టైపు చేసి పంపింది. అందులో ‘బాధ’ అనే మాట వచ్చిన ప్రతిచోటా ‘భాద’ అనే ఉంది. ‘అర్థం’ అనవలసిన చోట ‘అర్ధం’, ‘దుఃఖం’ అనవలసిన చోట విసర్గకు బదులు రెండు చుక్కల విరామచిహ్నం కనిపించాయి. ఈ వ్యాసకర్త మార్కులు తగ్గించడం జరిగింది. కొన్ని వారాల తరవాత అదే విద్యార్థిని చేత్తో రాసిన సమాధానపత్రం దిద్దుతున్నప్పుడు ‘బాధ’, ‘దుఃఖం’ రెండూ నిర్దుష్టంగా ఉండడం, ‘అర్ధం’ మాత్రం అక్కడ కూడా ‘అర్ధం’గానే ఉండడం గమనానికి వచ్చింది. మూడు తప్పులకూ కారణం ఒకటి కాదన్న సంగతి అప్పుడు తెలిసింది. మొదటిదీ మూడోదీ చేతిలోని పరికరానికి సంబంధించినవి. రెండోది చెవికి సంబంధించినది. మార్కులు మాత్రం మూడింటికీ ఒకే లెక్కన తగ్గాయి.

అంతర్జాలంలో తెలుగు చెడిపోతున్నదన్న ఆవేదన నేడు సభల్లోనూ తరగతిగదుల్లోనూ తరచుగా వినిపిస్తున్నది. ఆవేదన సహేతుకమే. కాని చెడిపోవడానికి ముందు అది ఏ రూపంలో స్థిరపడి ఉన్నదన్న ప్రశ్నకు సమాధానం వెదికితే, తెలుగు వర్ణక్రమం ఎన్నడూ పూర్తిగా స్థిరపడలేదన్న చారిత్రక సత్యం ఎదురవుతుంది. ఆ చరిత్రను రచనాసాధనాల క్రమంలో పరిశీలించి, దాని వెలుగులో నేటి దోషాలను వర్గీకరించడం ఈ వ్యాసం ప్రధానోద్దేశం.

2. తాళపత్రం: పద్యం కాపాడిన అక్షరం

తెలుగులో వ్యాకరణ రచన 13వ శతాబ్దిలో కేతన ‘ఆంధ్రభాషాభూషణం’తో మొదలై, 1656 నాటి ‘అప్పకవీయం’ వంటి లక్షణగ్రంథాల ద్వారా కొనసాగింది. ఈ గ్రంథాలకు లక్ష్యం ప్రధానంగా పద్యరచన. అక్షరభేదం ఎందుకు ముఖ్యమంటే యతిప్రాసలకు అది ప్రాణం కనుక. సాధురేఫ, శకటరేఫల (ర, ఱ) వివాదం ఇందుకు మంచి ఉదాహరణ. రెండింటి ఉచ్చారణలో భేదం క్రమంగా నశించింది. అయినా ప్రాసస్థానంలో వాటిని కలపవచ్చునా అన్న చర్చ లాక్షణికుల మధ్య చాలాకాలం సాగింది. చెవికి వినిపించని భేదాన్ని కంటితో నేర్చుకొని పాటించవలసిన అవసరం తెలుగు రచయితకు అంతర్జాలంతో వచ్చినది కాదు. కొన్ని శతాబ్దాల నాడే వచ్చింది.

పద్యం వెలుపల పరిస్థితి వేరు. శాసనాల్లో రేఫ తరవాతి హల్లును ద్విత్వం చేసి ‘ధర్మ్మ’, ‘పూర్వ్వ’ అని రాయడం సాధారణం. రాతప్రతుల్లో ‘అన్న’, ‘అమ్మ’ వంటి మాటలను పూర్ణబిందువుతో ‘అంన’, ‘అంమ’ అని రాసిన సందర్భాలు కొల్లలు. రేఫను హల్లు తరవాత వలపలగిలకగా రాసేవారు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ విడిచే అలవాటు లేదు. గ్రామ కైఫీయతుల వంటి వచనరచనల్లో రాయసకాండ్రు తమ నోటి పలుకుకు దగ్గరగానే రాశారు. వీటిని నేటి కొలతతో దోషాలనడం సరికాదు. అవి ఆనాటి లేఖన సంప్రదాయాలు. ఒక్కో ప్రతి ఒక్కో చేతిది. చదివేవారు కొద్దిమంది. వారు సందర్భాన్ని బట్టి సరిచేసుకొని చదువుకొనేవారు. ఏకరూపత అవసరం ఇంకా ఏర్పడలేదు.

3. అచ్చు: బాలవ్యాకరణం చెప్పిన 36

ఏకరూపత అవసరాన్ని తెచ్చినది అచ్చుయంత్రం. విలియం కేరీ వ్యాకరణం 1814లో, ఎ.డి.క్యాంప్‌బెల్ వ్యాకరణం 1816లో వెలువడ్డాయి. సి.పి.బ్రౌన్ పండితుల సహాయంతో అనేక రాతప్రతులను పోల్చి పాఠాలను పరిష్కరింపజేశాడు. 1840లో వ్యాకరణాన్ని, తరవాత నిఘంటువులను ప్రకటించాడు. ఒకే రూపం వందల ప్రతుల్లో కనిపించడం మొదలైన తరవాతనే ‘ఇది ఒప్పు, అది తప్పు’ అన్న మాటకు సామాజికమైన బలం చేకూరింది. పరవస్తు చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ (1853), ‘బాలవ్యాకరణం’ (1858) పాఠశాలల్లో ప్రవేశించడంతో ఆ బలానికి పరీక్షల అధికారం తోడైంది.

నేటి చర్చకు బాలవ్యాకరణంలోని సంజ్ఞాపరిచ్ఛేదం అత్యంత ఉపయుక్తం. సంస్కృతానికి 50, ప్రాకృతానికి 40, తెలుగుకు 36 వర్ణాలని చిన్నయసూరి ఆరంభంలోనే నిర్ధారించాడు. ఆ 36లో ఖ, ఘ, ఛ, ఝ, ఠ, ఢ, థ, ధ, ఫ, భ అనే మహాప్రాణాలు లేవు. శ, ష లేవు. ఋకారం లేదు. సంస్కృతసమాలైన పదాలతోపాటే ఇవి తెలుగులోకి వచ్చాయి. అంటే సంప్రదాయ వ్యాకరణం దృష్టిలోనే ఇవి తెలుగు చెవికి సహజమైనవి కావు, చదువు ద్వారా కంటికి అలవడవలసినవి.

నేడు అంతర్జాలంలో ఎక్కువగా కనిపించే దోషాలను ఈ జాబితా పక్కన పెట్టి చూడాలి. ‘బాధ’కు ‘భాద’, ‘విద్యార్థి’కి ‘విధ్యార్థి’, ‘కథ’కు ‘కధ’, ‘సంతోషం’కు ‘సంతోశం’, ‘కృషి’కి ‘క్రుషి’. ఇవన్నీ ఆ 36కు వెలుపలి అక్షరాల దగ్గర జరుగుతున్నవే. ‘మడి’, ‘గడప’, ‘తోట’, ‘బువ్వ’ వంటి మాటల్లో ఇటువంటి తడబాటు దాదాపు కనిపించదు. కాబట్టి దీనిని కొత్త తరం అజ్ఞానంగా వర్ణించడం కంటే, తెలుగు లిపికీ తెలుగు ధ్వనికీ మధ్య మొదటినుంచీ ఉన్న ఎడంగా గుర్తించడం శాస్త్రీయం. పూర్వం ఆ ఎడాన్ని అచ్చుకూటంలోని ప్రూఫు దిద్దేవారు పూడ్చేవారు. నేడు రాసినవారే ప్రచురణకర్తలు. మధ్యలో దిద్దే చేయి లేదు. దోషం పెరిగిందా, లేక అచ్చు వెనుక దాగి ఉన్నది బయటపడిందా అన్నది ఆలోచించవలసిన విషయం.

మరొక విశేషం. చిన్నయసూరి కాలంలో రాతలో ఉన్న నాలుగింటిని తరవాతి కాలం వదిలివేసింది. అవి అరసున్న, శకటరేఫ, దంత్య చజలు (ౘ, ౙ). ‘వాఁడు’ అని రాయకపోతే ఒకనాటి పాఠశాలలో తప్పు. ‘వాఁడు’ అని రాస్తే నేటి పాఠశాలలో వింత. నది అనే అర్థంలో ‘ఏఱు’ను ‘ఏరు’ అని, సంవత్సరం అనే అర్థంలో ‘ఏఁడు’ను ‘ఏడు’ అని రాయడాన్ని ఇప్పుడు ఎవరూ ఆక్షేపించరు. నేడు మనం ఒప్పుగా భావిస్తున్న వర్ణక్రమంలో నిన్నటి తప్పు ఎంత కలిసి ఉన్నదో ఈ ఉదాహరణలు తెలుపుతాయి.

4. వ్యావహారిక వాదం: గెలిచినది, మిగిలినది

తప్పొప్పుల భావనను మూలంనుంచి ప్రశ్నించినది వ్యావహారిక భాషోద్యమం. పాఠశాల తనిఖీ అధికారి జె.ఎ.యేట్స్ లేవనెత్తిన సందేహాలతో మొదలై, గిడుగు వేంకట రామమూర్తి (1863–1940), గురజాడ అప్పారావు (1862–1915) ప్రభృతుల కృషితో అది ఉద్యమరూపం పొందింది. జయంతి రామయ్య పంతులు నాయకత్వాన గ్రాంథికవాదులు ప్రతిఘటించారు. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడింది. వివాదానికి కేంద్రం వ్యాసరచన పరీక్ష. విద్యార్థి ఏ భాషలో రాస్తే మార్కులు ఇవ్వాలన్నదే ప్రశ్న. గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రం ఈ నేపథ్యంలో వెలువడినదే. వర్ణక్రమ చర్చ ఎప్పుడూ విద్యార్థి భవిష్యత్తుతో ముడిపడి ఉన్నదని ఇక్కడ గమనించాలి.

గిడుగు వాదనాపద్ధతి ప్రత్యేకమైనది. గ్రాంథికం రాస్తున్నామని చెప్పుకొనే పండితుల రచనల్లోనే వ్యాకరణవిరుద్ధ రూపాలను ఆయన ఏరి చూపాడు. ‘ఆంధ్రపండిత భిషక్కుల భాషాభేషజం’ అటువంటి రచన. ‘గద్యచింతామణి’లో పూర్వపు వచనాలనుంచి వాడుకరూపాలకు ఆధారాలు కూర్చాడు. ఎవరూ తప్పు లేకుండా రాయలేని భాషను పిల్లలందరి మీద ప్రమాణంగా రుద్దడం న్యాయం కాదన్నది ఆయన వాదసారం. పండితుల దోషాలను చూపినది వారిని నోరు మూయించడానికి కాదు, ఆ ప్రమాణం ఆచరణసాధ్యం కాదని నిరూపించడానికి.

ఆ ఉద్యమం క్రమంగా విజయం సాధించింది. 1919లో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం, నవ్యసాహిత్య పరిషత్తు, తరవాత దినపత్రికలు, 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పాఠ్యగ్రంథాలు ఆ విజయంలో మెట్లు. అయితే గెలిచినది భాషాస్వరూపం. దాని వర్ణక్రమం కాదు. గ్రాంథికానికి బాలవ్యాకరణం ఉన్నది. శిష్టవ్యావహారికానికి చేకూరి రామారావు ‘తెలుగు వాక్యం’ (1975), భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్.గ్విన్ ఆంగ్లంలో రచించిన ఆధునిక తెలుగు వ్యాకరణం (1985) వంటి ఉత్తమ వర్ణనలు వచ్చాయి. కాని అందరూ అంగీకరించిన వర్ణక్రమ నియమావళి స్థిరపడలేదు.

దాని ఫలితం ఈనాటికీ కనిపిస్తున్నది. చేశాడు–చేసాడు, వెళ్లి–వెళ్ళి, అయితే–ఐతే, చెప్తాడు–చెబుతాడు, రాయడం–వ్రాయడం, రుణం–ఋణం, కల్యాణం–కళ్యాణం. ఈ జంటల్లో ఏది ఒప్పు? పత్రికా కార్యాలయాలు తమకంటూ నియమాలు ఏర్పరచుకొన్నాయి. పత్రికాభాషకు ఒక క్రమం కల్పించడంలో బూదరాజు రాధాకృష్ణ చేసిన కృషి సుప్రసిద్ధం. అయినా అనేక పత్రికల్లో ‘వెళ్లి’ కనిపిస్తే, సాహిత్యగ్రంథాల్లో ‘వెళ్ళి’ తరచుగా కనిపిస్తుంది. ప్రస్తుత వ్యాసంలో ‘ళ్ల’ రూపం స్వీకరించడం జరిగింది. అది ఒక ఎంపికే గాని, రెండో రూపం తప్పని చెప్పడానికి ఆధారం లేదు. పెద్దలు తేల్చని విషయంలో సెల్‌ఫోన్‌లో రాసే పిల్లలను దోషులుగా నిలబెట్టడం ఎంతవరకు సమంజసమో ఆలోచించాలి.

5. కంప్యూటర్: అక్షరం సంఖ్యగా మారిన దశ

కంప్యూటర్‌లో తెలుగు మొదట ఫాంట్ల రూపంలో ప్రవేశించింది. ఆంగ్లాక్షరాల స్థానంలో తెలుగు అక్షరాల బొమ్మలను, తలకట్టు, గుడి, ఒత్తు వంటి ముక్కలను అమర్చి అచ్చుకు సిద్ధం చేసేవారు. కంటికి తెలుగే, యంత్రానికి మాత్రం అర్థంలేని ఆంగ్లాక్షరాల వరుస. ఒక్కో ఫాంటుకు ఒక్కో అమరిక. పత్రికల వెబ్‌సైట్లు తమ సొంత ఫాంటు దింపుకొంటేనే చదవడానికి వీలయ్యేవి. ఆ దశలో టైపు చేసిన సిద్ధాంతవ్యాసాలు చాలా ఉన్నాయి. వాటిలో ఒక పదాన్ని వెదకడం నేటికీ కష్టమే. యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు తారుమారై కొత్త దోషాలు చేరుతుంటాయి. రచయిత చేయని తప్పు రచయిత పేరిట మిగలడం ఇక్కడ మొదలైంది.

యూనికోడ్ మొదటి కూర్పు 1991లో వెలువడినప్పుడే తెలుగుకు అందులో చోటు దక్కింది. భారతీయ లిపుల కోసం రూపొందిన ఇస్కీ ప్రమాణం దాని అమరికకు ఆధారం. ప్రతి అక్షరానికి, ప్రతి గుణింతపు గుర్తుకు ఒక నిర్దిష్ట సంఖ్య ఏర్పడింది. అయితే సామాన్యుల కంప్యూటర్లలో యూనికోడ్ తెలుగు సరిగా కనిపించడానికి మరో దశాబ్దం పట్టింది. పోతన2000, వేమన2000 వంటి ఫాంట్లు ఈ పరిణామంలో గుర్తించదగినవి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. వెదకదగిన తెలుగు పాఠం పెద్ద ఎత్తున పోగుపడినది ఆ తరవాతే.

యూనికోడ్ పట్టికలో మన వ్యాకరణచరిత్ర ఆసక్తికరంగా ప్రతిఫలించింది. చిన్నయసూరి తెలుగు వర్ణాలుగా లెక్కించిన ౘ, ౙ లకు మొదటి పట్టికలో స్థానం లేదు. 2008లో అవి చేరాయి. అంటే బాలవ్యాకరణం వెలువడిన దాదాపు 150 ఏళ్లకు. శాసనభాషలోని ‘ఴ’ 2014లో, పాత ముద్రణలో పదాంతాన కనిపించే నకారపొల్లు 2021లో చేరాయి. తెలుగు రాతలో ఏది అక్షరం, ఏది కాదు అన్న నిర్ణయం ఇప్పుడు వ్యాకరణంతోపాటు ఈ పట్టికలోనూ జరుగుతున్నది. ప్రాచీనగ్రంథాలను అంతర్జాలంలో పెట్టే పరిశోధకులకు ఇది చిన్న విషయం కాదు. పట్టికలో లేని అక్షరాన్ని యథాతథంగా ఎక్కించడం సాధ్యం కాదు. దాని స్థానంలో మరో అక్షరం పెట్టక తప్పదు.

యంత్రం అక్షరాన్ని ఎలా చూస్తుందో తెలిపే ఉదంతం ఒకటి 2018 ఫిబ్రవరిలో జరిగింది. ‘జ్ఞ’ తరవాత కంటికి కనబడని ఒక నియంత్రణాక్షరం, ఆపై దీర్ఘం వచ్చే వరుస ఆపిల్ సంస్థ ఫోన్లలో కనిపించగానే అనువర్తనాలు ఆగిపోయాయి. సంస్థ కొద్దిరోజుల్లోనే సవరణ విడుదల చేసింది. మన లిపిలో హల్లు, పొల్లు, ఒత్తు, గుణింతం కలిసే తీరు యంత్రానికి ఎంత జటిలమో ప్రపంచానికి అప్పుడు తెలిసింది.

ఆ కనబడని నియంత్రణాక్షరం రోజువారీ రాతలోనూ అవసరమే. ‘సాఫ్ట్‌వేర్’, ‘ఫేస్‌బుక్’ వంటి మాటల్లో పొల్లు పొల్లుగా నిలవాలంటే మధ్యలో దానిని చేర్చాలి. చేర్చకపోతే అవి ‘సాఫ్ట్వేర్’, ‘ఫేస్బుక్’ అయి కూర్చుంటాయి. చాలామంది వాడే కీబోర్డుల్లో ఆ మీట ఎక్కడున్నదో తెలియదు, కొన్నింటిలో అసలు ఉండదు. చేతిరాతలో ఈ సమస్య పుట్టదు. విసర్గకు బదులు ఆంగ్ల విరామచిహ్నమైన రెండు చుక్కలను పెట్టడమూ ఇటువంటిదే. కంటికి రెండూ ఒకటే. యంత్రం మాత్రం ‘దుఃఖం’ను అక్కడ రెండు ముక్కలుగా చూస్తుంది.

6. రోమన్ మీటలపై తెలుగు

తెలుగువారిలో అధికసంఖ్యాకులు తెలుగును ఆంగ్ల కీబోర్డు మీదుగానే టైపు చేస్తున్నారు. 1990ల ఆరంభంలో విదేశాల్లోని తెలుగువారు అంతర్జాల చర్చాబృందాల్లో రోమన్ లిపిలో తెలుగు రాసుకొనేవారు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువారు రూపొందించిన ‘ఆర్టీఎస్’ లిప్యంతరీకరణ పద్ధతి ఆ రాతకు ఒక క్రమాన్ని ఇచ్చింది. 2006లో వచ్చిన ‘లేఖిని’ వంటి పరికరాలు ఆ మార్గంలోనివే. ఈ పద్ధతిలో చిన్నబడి, పెద్దబడి ఆంగ్లాక్షరాల తేడాతో త–ట, ద–డ, న–ణ, ల–ళ భేదాలను సూచిస్తారు. ఒక ధ్వనికి ఒక గుర్తు అన్న నియమం దాదాపు నిలిచిన శాస్త్రీయ పద్ధతి అది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, తెలుగువారికి అప్పటికే మరో రోమన్ అలవాటు ఉన్నది. తమ పేర్లను ఆంగ్లంలో రాసుకొనే అలవాటు అది. ‘త’కారానికి ‘టి’ తరవాత ‘హెచ్’ చేర్చి రాయడం దక్షిణాదిలో పరిపాటి. కవిత అనే అమ్మాయి తన పేరును ధ్రువపత్రంలో ఉన్నట్లే టైపు చేస్తే ఈ పద్ధతిలో ‘కవిథ’ అవుతుంది. ‘ద’కారానికి ‘డి’, ‘హెచ్’ కలిపి రాసే అలవాటున్నవారికి ‘దీపం’ కాస్తా ‘ధీపం’ అవుతుంది. షిఫ్ట్ మీట నొక్కడం మరిస్తే ‘కళ’ ‘కల’గా, ‘గుణం’ ‘గునం’గా మారుతుంది. ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. ణ, ళ చిన్నయసూరి చెప్పిన 36లోనివే. చాలా ప్రాంతాల నోటిపలుకులో నేటికీ సజీవంగా ఉన్నవి. ‘కల’కూ ‘కళ’కూ తేడా తెలిసినవారే టైపు చేసేటప్పుడు తప్పుతున్నారు. అది వేలికి సంబంధించిన దోషం, చెవికి సంబంధించినది కాదు.

తరవాత వచ్చిన పరికరాలు షిఫ్ట్ మీట అవసరం లేకుండా, కొన్ని అక్షరాలు కొట్టగానే మాటలను సూచించసాగాయి. ఎక్కువమంది రాసే రూపాన్ని ముందు చూపడం వాటి స్వభావం. ఆ సూచనల్లో ‘భాద’ ముందు కనిపిస్తే రాసేవారు దానినే తాకుతారు. తాకినకొద్దీ అది బలపడుతుంది. అచ్చుయుగంలో ప్రూఫు దిద్దేవారు దోషాన్ని ఆపేవారు. ఈ యుగంలో పరికరం దోషాన్ని ప్రచారం చేయగలదు, తగిన పదకోశం ఇస్తే ఒప్పును కూడా అంతే వేగంగా ప్రచారం చేయగలదు. వ్యాకర్త స్థానంలో ఇప్పుడు కూర్చున్నది ఆ పదకోశం. దానిని కూర్చే పనిలో తెలుగు శాఖల పాత్ర ఉండవలసినంత లేదు.

7. నేటి దోషాల వర్గీకరణ

పై చరిత్ర ఆధారంగా అంతర్జాల రచనలోని వ్యత్యాసాలను నాలుగు వర్గాలుగా విభజించవచ్చు.

అ) చెవికి అందని భేదాలు: మహాప్రాణాలు, శ–ష, ఋకారం, థ–ధ. ఇవి ఉచ్చారణలో లేనివి కనుక కంఠస్థం చేయవలసినవి. వీటిలో అర్థభేదకాలైన జంటలకు ప్రాధాన్యం ఇవ్వాలి. ‘అర్థం’ అంటే భావం, ‘అర్ధం’ అంటే సగం. ఇటువంటి చోట సడలింపు తగదు.

ఆ) స్థిరపడని రూపాలు: చేశాడు–చేసాడు, వెళ్లి–వెళ్ళి వంటివి. ఇవి దోషాలు కావు, ప్రత్యామ్నాయాలు. ఒక రచనలో ఒకే రూపాన్ని ఆద్యంతం పాటించమని కోరడం న్యాయం.

ఇ) పరికరం వల్ల ఏర్పడినవి: విసర్గకు బదులు రెండు చుక్కలు, పొల్లు నిలవకపోవడం, ణ–న, ళ–ల తారుమారు, ఫాంటు మార్పిడి దోషాలు. వీటికి మందు వ్యాకరణపాఠం కాదు, టైపింగు శిక్షణ. తెలుగు ఎం.ఏ. విద్యార్థికి కీబోర్డు నేర్పడం భాషాబోధనలో భాగం కావాలి.

ఈ) నిజమైన భాషాదోషాలు: ‘ప్రాధాన్యం’, ‘నైపుణ్యం’ ఇప్పటికే భావార్థకాలు కాగా వాటికి మళ్లీ ‘త’ చేర్చి ‘ప్రాధాన్యత’, ‘నైపుణ్యత’ అనడం, కర్తకూ క్రియకూ పొత్తు కుదరకపోవడం, ఆంగ్లవాక్యాన్ని పదానికి పదం దించడం. వీటిలో అధికభాగం అంతర్జాలం కంటే ముందే పత్రికల్లోనూ ప్రసంగాల్లోనూ పాతుకొన్నవి. ఉపాధ్యాయుని శ్రద్ధ ప్రధానంగా ఇక్కడ నిలవాలి. ఆచరణలో మాత్రం వర్ణక్రమం మీద ఎర్రసిరా అయిపోయి, వాక్యం మీదకు వచ్చేసరికి కలం ఆగిపోతున్నది.

వెదుకులాట దృష్ట్యా ఈ వర్గీకరణకు మరో ప్రయోజనం ఉన్నది. ‘కథ’ అని వెదికిన పరిశోధకునికి ‘కధ’ అని ఎక్కించిన గ్రంథం దొరకకపోవచ్చు. ‘కల్యాణం’ అన్నవారికి ‘కళ్యాణం’ దొరకకపోవచ్చు. తాళపత్రాన్ని చదివిన పండితుడు రూపభేదాన్ని మనసులోనే సరిచేసుకొన్నాడు. యంత్రానికి ఆ పని ఎవరో ఒకరు నేర్పాలి. అందువల్ల అంతర్జాలంలో వర్ణక్రమం గౌరవమర్యాదల సమస్య మాత్రమే కాదు. రాసినది రేపటివారికి దొరుకుతుందా లేదా అన్న సమస్య.

8. మాండలికం, దిద్దుబాటు

ఐదో వర్గంగా చాలామంది చేర్చేది ఒకటి ఉన్నది. చేర్చకూడనిది కూడా అదే. తెలంగాణలో ‘వచ్చిండు’, రాయలసీమలో ‘వచ్చినాడు’, ఉత్తరాంధ్రలో ‘వచ్చేడు’, మధ్యకోస్తాలో ‘వచ్చాడు’. ఆధునిక ప్రమాణభాష ప్రధానంగా మధ్యకోస్తా విద్యావంతుల వాడుక ఆధారంగా ఏర్పడినదని భాషాశాస్త్రవేత్తలు గుర్తించారు. అది చారిత్రక పరిణామమే గాని తక్కిన రూపాల అసాధుత్వానికి నిరూపణ కాదు. బడిలో నేర్పే భాషకూ జనం పలుకుబడికీ మధ్య దూరాన్ని కాళోజీ నారాయణరావు (1914–2002) జీవితకాలం ఎత్తిచూపారు. గిడుగు జయంతి ఆగస్టు 29న తెలుగు భాషాదినోత్సవం, కాళోజీ జయంతి సెప్టెంబరు 9న తెలంగాణ భాషాదినోత్సవం జరుపుకొంటున్నాం. రెండు పండుగల సారమూ ఒకటే. జనం మాట రాతకు అర్హమైనదే.

అంతర్జాలం మొదటిసారిగా ఈ రూపాలన్నింటినీ విరివిగా రాతలోకి తెచ్చింది. అంతవరకు అచ్చులో తమ ఇంటిమాట చూసుకోని కుటుంబాలవారు ఇప్పుడు ఆ మాటలోనే రాస్తున్నారు. అటువంటివారి వాదానికి సమాధానం చెప్పకుండా ముందు తెలుగు నేర్చుకొని రమ్మని దెప్పిపొడవడం చర్చల్లో తరచుగా చూస్తున్నాం. మొదటి తరం చదువరి ఆ ఒక్క మాటతో రాయడం మానివేస్తే కలిగే నష్టం ఒక ఒత్తు తప్పినప్పటి నష్టం కంటే పెద్దది. దిద్దడం ఉపాధ్యాయుని ధర్మం. దిద్దుబాటును ఎదుటివారి నోరు మూయించే ఆయుధంగా వాడడం ధర్మం కాదు.

9. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. తెలుగు వర్ణక్రమంలో ‘సాధురూపం’ అన్న భావన రచనాసాధనంతోపాటు మారుతూ వచ్చింది. తాళపత్ర యుగంలో పద్యలక్షణం, అచ్చుయుగంలో వ్యాకరణం, పరీక్ష, పత్రికాయుగంలో కార్యాలయ నియమం, నేడు యూనికోడ్ పట్టిక, పరికరాల పదకోశం దానిని నిర్ణయిస్తున్నాయి.

2. అంతర్జాల దోషాల్లో ప్రధానమైన భాగం బాలవ్యాకరణం చెప్పిన 36 వర్ణాలకు వెలుపలి అక్షరాల వద్ద కనిపిస్తున్నది. ఇది లిపికీ ధ్వనికీ మధ్య ఉన్న పాత ఎడం.

3. వ్యావహారికోద్యమం భాషను గెలిపించింది గాని వర్ణక్రమాన్ని స్థిరపరచలేదు. ఆ మిగిలిన పని విశ్వవిద్యాలయ తెలుగు శాఖలది.

4. మూల్యాంకనంలో చెవి దోషం, వేలి దోషం, వాక్యదోషం వేరువేరుగా గుర్తించాలి. మాండలికరూపాన్ని దోషాల పట్టికలో చేర్చరాదు.

5. ప్రతి శాఖా, ప్రతి పరిశోధన పత్రికా తాను పాటించే వర్ణక్రమ నియమాలను ఒక పుటలో ప్రకటించడం, ప్రత్యామ్నాయ రూపాల పట్టికను వెదుకులాట కోసం సమకూర్చడం తక్షణం చేయదగిన పనులు.

మొదట పేర్కొన్న విద్యార్థిని మార్కులను సవరించడం జరిగింది. ‘భాద’కూ విసర్గకూ తగ్గించినవి తిరిగి కలిపి, ‘అర్ధం’ దగ్గర తగ్గించినది అలాగే ఉంచి, పక్కన ‘సగం’ అని రాయడం జరిగింది. తరవాతి అసైన్‌మెంటులో ఆమె ఆ ఒక్క మాటను ఎక్కడా తప్పలేదు.